8 జీబీ ల్యాప్‌టాప్‌లో ఫోటోషాప్ ఆగిపోతోంది: ఇంకో 8 వేయాలా, 16 వేయాలా, కొత్తది కొనాలా?

ఫ్లెక్సీ_తెనాలి | 6 జనవరి 2026, రాత్రి 10:42

అందరికీ నమస్తే. తెనాలిలో మాది చిన్న డీటీపీ షాపు. పెళ్లి కార్డులు, బిల్లు బుక్కులు చేస్తాం, ఎక్కువగా ఫ్లెక్సీలే. ల్యాప్‌టాప్ 2020లో కొన్నది. ఐ5 10210యూ, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ, దాంతోపాటు 1 టీబీ హార్డ్ డిస్క్. విండోస్ 11.

అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో పని చేసుకుంటుంటే ఏ బాధా లేదు. ఫోటోషాప్‌లో పెద్ద ఫ్లెక్సీ తెరిచానా, ఇక అంతే. సంక్రాంతి శుభాకాంక్షల బోర్డులు రోజుకి ఏడెనిమిది వస్తున్నాయి. నిన్న ఒకాయన 10×6 అడుగులది ఇచ్చాడు. పైన నాయకుడి ఫొటో, కింద శుభాకాంక్షలు చెప్పేవాళ్లు 31 మంది. ఇరవయ్యో తలకాయ అతికించేసరికి మౌస్ కదలడం మానేసింది. ఆయనేమో పక్కన కుర్చీలో కూర్చుని "ఏమ్మా, మా బావమరిది ఇంకా రాలేదే" అంటాడు.

ఇక్కడ ఒక షాపులో అడిగితే "ఈ మోడల్‌కి 8 మించి పట్టదు మేడమ్, కొత్తది తీసుకోండి, 58 వేలు" అన్నారు. నిజంగా పట్టదా? పడితే ఎంత వేయాలి? నాకు హార్డ్‌వేర్ గురించి పెద్దగా తెలియదు, విడమరిచి చెప్పండి.

---

గోదారిగట్టు | 6 జనవరి, రాత్రి 11:05

58 వేలా! ఆగండి మేడమ్, తొందరపడకండి.

10210యూ ప్రాసెసర్ 64 జీబీ వరకు తీసుకుంటుందని ఇంటెల్ వాళ్ల వివరాల్లోనే ఉంటుంది. 8 దగ్గర ఆగిపోయే రకం కాదది. అసలు సంగతి మీ బోర్డు మీద ఎన్ని స్లాట్లు ఉన్నాయి, ర్యామ్ విడిగా ఉందా బోర్డుకే అతికించేశారా అన్నది.

---

ఓరుగల్లు_రిపేర్ | 6 జనవరి, రాత్రి 11:20

అక్కా, మస్తుగ చెప్పిండు గోదారి అన్న. నువ్వు ఇప్పుడు ఒక పని చెయ్యి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు కలిపి నొక్కు, టాస్క్ మేనేజర్ వస్తది. అండ్ల పర్ఫామెన్స్, దాని కింద మెమరీ. కుడి దిక్కు కింద చిన్న అక్షరాలతోని స్పీడ్, స్లాట్స్ యూజ్డ్, ఫామ్ ఫ్యాక్టర్ అని మూడు ఉంటయి. ఎట్లున్నయో అట్లనే ఇక్కడ రాయి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

---

ఫ్లెక్సీ_తెనాలి | 7 జనవరి, ఉదయం 9:12

స్పీడ్: 2667. స్లాట్స్ యూజ్డ్: 2లో 1. ఫామ్ ఫ్యాక్టర్: సోడిమ్.

ఒక సందేహం. షాపుల్లో అందరూ 2666 అంటున్నారు, నాకు 2667 అని చూపిస్తోంది. సరిగ్గా 2667దే వెతకాలా?

---

ఓరుగల్లు_రిపేర్ | 7 జనవరి, ఉదయం 9:40

ఏం గాదు అక్కా, రెండూ ఒక్కటే. అసలు లెక్క 2666.67. ఒకడు కింది అంకె రాసుకుంటడు, ఇంకొకడు పై అంకె రాసుకుంటడు.

నీ అదృష్టం మంచిగున్నది. ఒక స్లాట్ ఖాళీ. ఫామ్ ఫ్యాక్టర్ కాడ "రో ఆఫ్ చిప్స్" అని వస్తే మాత్రం ర్యామ్ బోర్డు మీదనే టంకం వేసినట్టు, తీసుడు ఉండదు పెట్టుడు ఉండదు. నీది సోడిమ్, అంటే విడి స్టిక్కే.

---

పాతమిషన్ | 7 జనవరి, ఉదయం 10:15

ఒక్క జాగ్రత్త. టాస్క్ మేనేజర్ చెప్పే స్లాట్ల లెక్కని మూత తెరిచి చూసేదాకా నమ్మకండి. ఒకే బోర్డు డిజైన్‌ని రెండు మూడు మోడళ్లకు వాడతారు. చవక మోడల్లో రెండో స్లాట్ అతికించకుండా వదిలేస్తారు, కాని సాఫ్ట్‌వేర్ మాత్రం రెండని చెబుతూనే ఉంటుంది. నేను ఒకసారి స్టిక్ కొనుక్కొచ్చి, మూత విప్పి చూస్తే స్లాట్ ఉండాల్సిన చోట వట్టి టంకం చుక్కలు వరసగా కనబడ్డాయి. మా ఆవిడ ఇప్పటికీ ఆ మాట ఎత్తుతుంది.

---

కడప_చిన్నోడు | 7 జనవరి, మధ్యాహ్నం 1:30

అందరూ ర్యామ్ ర్యామ్ అంటాండారు గాని, ఆమెకు నిజంగా ర్యామే తక్కువైందో లేదో ఎవరన్నా చూసినారా? జ్వరమొస్తే ముందు థర్మామీటర్ పెట్టాల గదా.

అక్కా, ఫోటోషాప్‌లో ఫైల్ తెరిచినాక కింద ఎడమ పక్క డాక్యుమెంట్ సైజు చూపించే చోట చిన్న బాణం ఉంటాది. దాన్ని నొక్కి "ఎఫిషియెన్సీ" పెట్టుకో. 100 శాతం ఉంటే ర్యామ్ చాలినట్టే, నిదానం ఇంకెక్కడిదో. 100 కంటే తగ్గిందంటే ర్యామ్ చాలక డిస్క్ మీద రాసుకుంటాందని అర్థం. ఆ రాసుకునే చోటే స్క్రాచ్ డిస్క్. ప్రిఫరెన్సెస్‌లో అది ఏ డ్రైవ్‌కి పెట్టిండాదో కూడా చూసి చెప్పు.

---

ఫ్లెక్సీ_తెనాలి | 7 జనవరి, సాయంత్రం 6:55

అన్నా, ఎఫిషియెన్సీ 58 చూపించింది. స్క్రాచ్ డిస్క్ డి డ్రైవ్. డి అంటే హార్డ్ డిస్క్. ల్యాప్‌టాప్ కొన్న రోజు మా తమ్ముడు "సి నిండకూడదు" అని అన్నీ డికి మార్చాడు.

---

కడప_చిన్నోడు | 7 జనవరి, సాయంత్రం 7:10

దొరికినాడు దొంగ! సగం దొంగ.

ర్యామ్ చాలక పక్కకు పోతాంది, ఆ పోయేది తిరిగే హార్డ్ డిస్క్ మీదికి. స్క్రాచ్‌ని ఇప్పుడే సికి మార్చు, ఫోటోషాప్ మూసి తెరువు. సిలో కనీసం 40, 50 జీబీ ఖాళీ ఉండేట్టు చూసుకో. పైసా ఖర్చు లేదు.

---

ఫ్లెక్సీ_తెనాలి | 8 జనవరి, రాత్రి 9:30

మార్చాను. తేడా బాగానే ఉంది, మౌస్ ఆగడం తగ్గింది. కాని ఎఫిషియెన్సీ ఇంకా అరవై దగ్గరే ఊగుతోంది. 31 తలకాయల ఫైల్ సేవ్ అయ్యేలోపు టీ తాగి రావొచ్చు. ర్యామ్ కూడా వేయక తప్పేట్టు లేదు. ఎంత వేయాలో చెప్పండి.

---

గోదారిగట్టు | 8 జనవరి, రాత్రి 10:20

మనమే లెక్క వేద్దాం మేడమ్, ఊహాగానాలెందుకు.

10 అడుగులంటే 120 అంగుళాలు, 6 అడుగులంటే 72. మీరు 100 డీపీఐ, అంటే అంగుళానికి 100 చుక్కలు, పెట్టారనుకుంటే 12,000 × 7,200. మొత్తం 8 కోట్ల 64 లక్షల పిక్సెళ్లు. సీఎంవైకే, అంటే ప్రింటింగ్‌కి వాడే నాలుగు రంగుల పద్ధతిలో ఒక్కో పిక్సెల్‌కి 4 బైట్లు, కాబట్టి నిండుగా ఉన్న ఒక్క లేయరుకే సుమారు 345 ఎంబీ. బ్యాక్‌గ్రౌండ్, దాని మీద వెలుగు, దాని మీద పూల డిజైను, ఇలా నాలుగు నిండు లేయర్లు వేస్తే 1.4 జీబీ. అన్‌డూ చేయడానికి ఫోటోషాప్ దాచుకునేది వేరే. 8 జీబీలో విండోస్, క్రోమ్, వాట్సాప్ తమ వాటా ముందే తీసేసుకుంటాయి. మిగిలిన దాంట్లో మామూలు సెట్టింగ్ ప్రకారం 70 శాతం ఫోటోషాప్‌ది. ఆ మిగిలేది మీ ఫైల్‌కి ఏ మూలకీ చాలదు.

ఇంకో మాట. ఆ 31 ఫొటోలు వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా వచ్చినవైతే ఒక్కోటి 12 మెగాపిక్సెళ్లు ఉంటుంది. మీరు లాగి పడేయగానే అది స్మార్ట్ ఆబ్జెక్ట్‌గా కూర్చుంటుంది. బోర్డు మీద తలకాయ అరచేయంత కనబడినా ఫైల్ లోపల అసలు ఫొటో మొత్తం ఉంటుంది. విప్పితే ఒక్కోటి 36 ఎంబీ, 31 కలిపితే 1.1 జీబీ. సైజు కుదిరాక లేయర్ మీద కుడి క్లిక్ చేసి రాస్టరైజ్ చేసేయండి, అసలు ఫొటో పోయి బోర్డు మీద కనబడే సైజే మిగులుతుంది. అలాగే రోడ్డు మీద కట్టే బోర్డుకి 72 డీపీఐ ధారాళంగా సరిపోతుంది. 100 నుంచి 72కి దిగితే పిక్సెళ్లు దాదాపు సగమైపోతాయి.

---

ఫ్లెక్సీ_తెనాలి | 8 జనవరి, రాత్రి 10:41

72కి దింపితే కస్టమర్లు ఒప్పుకోరండీ. బోర్డు దగ్గరికొచ్చి, ముక్కు ఆనించి చూసుకుంటారు వాళ్ల మొహం. రాస్టరైజ్ సంగతి మాత్రం నాకు అస్సలు తెలియదు, రేపటి నుంచి చేస్తాను.

---

ఓరుగల్లు_రిపేర్ | 8 జనవరి, రాత్రి 11:15

ముక్కు ఆనించి చూస్తరా! ఎల్‌ఐసీ ఏజెంట్ బోర్డు అయితే ఫోన్ నంబర్ కూడ అట్లనే చూస్తరు అక్కా.

సరే, ఎంత వెయ్యాలె అంటే నా లెక్క ఇది. ఇప్పుడున్నది ఒక్క 8 స్టిక్, అంటే సింగిల్ ఛానల్. ఛానల్ అంటే ర్యామ్‌కెళ్ళి ప్రాసెసర్‌కు డేటా పొయ్యే దారి. అసుంటిదే ఇంకో 8 వేస్తే డ్యూయల్ ఛానల్ అయితది. 2666 స్టిక్ ఒక్కటి సెకనుకు 21.3 జీబీ లాగుతది, రెండుంటే 42.6. అందుకే స్టిక్కర్ మీద కొందరు 2666 అని రాస్తరు, కొందరు పీసీ4-21300 అని రాస్తరు. నీ ల్యాప్‌టాప్‌ల గ్రాఫిక్స్ వేరే కార్డు లేకుంటే అది కూడ ఈ ర్యామ్ నుంచే తింటది, కాబట్టి డ్యూయల్ అయితే జూమ్ చేసుడు, జరుపుడు జర హుషారుగ ఉంటది.

16 స్టిక్ వేస్తే 24 అయితది. మొదటి 8 ప్లస్ 8 డ్యూయల్ల నడుస్తది, పైన మిగిలిన 8 సింగిల్ల నడుస్తది. అది కూడ మంచిదే. నీ పనికి స్పీడ్ కంటే జాగా ముఖ్యం. పైసలుంటే 16 వెయ్యి, లేకుంటే 8. రెండు 16లు కొని 32 చేసుడు ఇప్పుడైతే వద్దు.

---

గోదారిగట్టు | 9 జనవరి, ఉదయం 7:50

"ఇప్పుడైతే వద్దు" అన్నది సరైన మాట. ధరలు చూశారా ఎవరైనా? పోయిన ఏడాది మొదట్లో 8 జీబీ డీడీఆర్4 ల్యాప్‌టాప్ స్టిక్ 1,600కి తెచ్చాను. మొన్న అదే షాపులో 4 వేల పైన చెప్పాడు. ఏఐ డేటా సెంటర్లకు మెమరీ పోటెత్తినట్టు పోతోంది. మెమరీ తయారుచేసే శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ ముగ్గురూ లాభం ఎక్కువున్న అటువైపే చూస్తున్నారు. క్రూషియల్ పేరుతో మనకు అమ్మే వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు మైక్రాన్ పోయిన డిసెంబరులోనే ప్రకటించింది.

---

డల్లాస్_దోసె | 9 జనవరి, ఉదయం 8:25

ఇక్కడా అంతే అండీ. ఇంతకుముందు ఇండియా వచ్చేటప్పుడు చుట్టాలందరికీ ర్యామ్‌లు, పెన్‌డ్రైవ్‌లు సూట్‌కేసులో పడేసుకుని వచ్చేవాణ్ణి. ఈసారి మా బావగారు అడిగితే రెండు చోట్లా ధరలు చూసి, మీరే అక్కడ కొనుక్కోండి అన్నాను. పాడైతే మార్చుకోవడానికైనా దగ్గర్లో షాపు ఉంటుంది.

---

పాతమిషన్ | 9 జనవరి, ఉదయం 9:30

ధర మండిపోతున్నప్పుడు సెకండ్ హ్యాండ్ స్టిక్ తప్పేం కాదు. సికింద్రాబాద్ కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో నేను ఎనిమిదేళ్లు పనిచేశాను. కంపెనీ ల్యాప్‌టాప్‌ల నుంచి తీసిన స్టిక్కులు అక్కడ గంపల్లో ఉండేవి. కొత్త స్టిక్ పెట్టెలో మంచి స్టిక్కర్ చూసి మోసపోవచ్చు గాని, నడిచిన స్టిక్‌ని పరీక్షించి తీసుకుంటే ఏళ్ల తరబడి వస్తుంది.

చూడాల్సినవి చెబుతాను. వోల్టేజీ 1.2 ఉండాలి, పిన్నులు 260. స్టిక్కర్ మీద పీసీ4 అని ఉండాలి, అంటే మీ మిషన్‌కి పట్టే డీడీఆర్4. పీసీ3 అంటే పాత డీడీఆర్3, దానికి 204 పిన్నులు. పీసీ5 అంటే డీడీఆర్5, దానికి 262. రెండు పిన్నులే కదా తేడా అని నొక్కకండి, గాడి వేరే చోట ఉంటుంది, బలవంతం చేస్తే విరిగేది స్లాటే. 1ఆర్×8 అని ఉంటే ఒక వరస చిప్పులు, 2ఆర్×8 అంటే రెండు వరసలు. మీ మిషన్‌లో రెండూ కలిసి నడుస్తాయి.

2666 దొరక్క 3200 స్టిక్ ఇస్తే తీసుకోండి. అది మీ మిషన్‌లో 2666కి దిగి నడుస్తుంది. ఎద్దుబండికి గుర్రాన్ని జత కడితే గుర్రం ఎద్దు నడకే నడుస్తుంది, దానికేమీ అనారోగ్యం రాదు.

---

ఆముదాలవలస_నెట్ | 9 జనవరి, ఉదయం 11:02

పీసీ3 మాటొచ్చింది కాబట్టి నా గోడు కూడా వినండి. 2014 నాటి ల్యాప్‌టాప్, 4వ తరం ఐ5 4200యూ. డీడీఆర్3 అని చదివి ఒక 4 జీబీ స్టిక్ కొన్నాను. గాడి సరిపోయింది, టక్కుమని కూర్చుంది. మిషన్ మాత్రం బీప్, బీప్. రెండు రోజులు తిప్పలు పడ్డాక తెలిసింది, దానికి కావాల్సింది పీసీ3ఎల్. చివర ఆ ఒక్క "ఎల్" ఉంటే 1.35 వోల్టులు, లేకపోతే 1.5. ఆ తరం యూ ప్రాసెసర్లు 1.5ని ఒప్పుకోవు. షాపాయన "విప్పిన సరుకు వాపసు తీసుకోను" అన్నాడు. ఇప్పుడది మా పిల్లాడి బొమ్మల డబ్బాలో ఉంది.

---

ఫ్లెక్సీ_తెనాలి | 9 జనవరి, సాయంత్రం 8:15

నిర్ణయం తీసుకున్నాను. కొత్త 16 ధర వింటే కళ్లు తిరిగాయి. గుంటూరులో తెలిసినాయన దగ్గర ల్యాప్‌టాప్‌లోంచి తీసిన 8 జీబీ, 3200 స్టిక్ దొరికింది, 2,300. "వారం రోజులు వాడి చూడు, నచ్చకపోతే ఇచ్చేయి" అన్నాడు. రేపు షాపు మూశాక నేనే వేద్దామనుకుంటున్నాను. ఎలా వేయాలో చెప్పండి. భయంగానే ఉంది.

---

ఓరుగల్లు_రిపేర్ | 9 జనవరి, రాత్రి 9:00

భయం దేనికి అక్కా, కుట్టు మిషన్‌ల దారం ఎక్కించినంత పని.

షట్‌డౌన్ చెయ్యి, స్లీప్ గాదు. ఛార్జర్ తీసెయ్. రెక్సిన్ సోఫా మీద, రగ్గు మీద కూసోకు, చెక్క బల్ల మీద పెట్టుకో. సిల్క్ చీర, స్వెటర్ వద్దు, కాటన్‌ల ఉండు. మొదలుపెట్టే ముందు ఇనుప బీరువాను ముట్టుకో, ఒంట్ల కరెంటు ఉంటే పోతది.

ఒక తెల్ల కాయితం మీద ల్యాప్‌టాప్ అడుగు బొమ్మ గీసుకో. ఏ స్క్రూ ఎక్కడ తీసినవో ఆ బొమ్మ మీద అక్కడనే పెట్టు. స్క్రూలు అన్ని ఒక్క పొడుగు ఉండయి. పొడుగుది పొట్టి జాగల వేసి బిగిస్తే పైన కీబోర్డు దిక్కు బుడిపె లేస్తది. కొన్నిట్ల రబ్బరు కాళ్ల కింద కూడ స్క్రూలు దాస్తరు. అన్ని తీసినంక పాత ఏటీఎం కార్డు అంచు పెట్టి చుట్టు తిప్పితే టక్ టక్ టక్ అని మూత వస్తది. స్క్రూడ్రైవర్ తోని పొడవకు.

మూత రాంగనే మొదలు బ్యాటరీ వైర్ పీకు. ఇది మర్చిపోకు అక్కా. ఛార్జర్ తీసినా బ్యాటరీ ఉన్నంతసేపు బోర్డుల కరెంటు ఉంటది. వైర్ పట్టి గుంజకు, తెల్ల కనెక్టర్‌ను గోరుతోని పక్కలకెళ్ళి జరుపు.

ఇగ స్టిక్. అంచులు పట్టుకో, బంగారు పిన్నులు ముట్టకు. పాతది గదా, పిన్నుల మీద పెన్సిల్ రబ్బరు ఒక్కసారి మెల్లగ రుద్ది పొడి ఊదెయ్. గాడి చూసి ఏటవాలుగ లోపలికి పూర్తిగ తొయ్యి. పిన్నులు కనబడీ కనబడనట్టు పోవాలె. అప్పుడు కిందికి ఒత్తు, రెండు పక్కల క్లిప్పులు టక్కుమనాలె. రెండూ, ఒక్కటి గాదు.

---

కడప_చిన్నోడు | 9 జనవరి, రాత్రి 9:25

పెన్సిల్ రబ్బరు మాట నేను ఒప్పుకోను అన్నా. గట్టిగా రుద్దితే బంగారు పూత గీసుకుపోతాది. మెడికల్ షాపులో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దొరుకుతాది, దూదితో తుడిస్తే చాలు.

---

ఓరుగల్లు_రిపేర్ | 9 జనవరి, రాత్రి 9:31

తమ్మీ, పద్దెనిమిదేండ్ల సంది రబ్బరుతోనే నడుస్తున్నది నా దుకాణం. గట్టిగ రుద్దుమన్ననా? మెల్లగ అన్న.

---

ఫ్లెక్సీ_తెనాలి | 10 జనవరి, రాత్రి 10:48

ఫోన్ నుంచి రాస్తున్నాను. స్టిక్ వేశాను. బ్యాటరీ వైర్ మళ్లీ పెట్టాను. పవర్ నొక్కితే లైటు వెలుగుతోంది, ఫ్యాన్ తిరుగుతోంది, స్క్రీన్ మీద ఏమీ రాలేదు. నల్లగా ఉంది. రేపు పొద్దున్నే నాలుగు బోర్డులు ఇవ్వాలి. ఎవరైనా ఉన్నారా?

---

పాతమిషన్ | 10 జనవరి, రాత్రి 10:52

ఉన్నాను తల్లీ. ముందు కంగారు పడకు. కొత్త ర్యామ్ పడ్డాక మొదటిసారి మిషన్ దాన్ని కొలుచుకుంటుంది, ఒకటి రెండు నిమిషాలు స్క్రీన్ రాకపోవచ్చు. ఐదు నిమిషాలు చూడు. అప్పటికీ రాకపోతే పవర్ బటన్ పదిహేను సెకన్లు నొక్కి పట్టుకుని ఆపు, బ్యాటరీ వైర్ తీసి, కొత్త స్టిక్‌ని మళ్లీ చూడు. లైటు ఏమైనా లెక్క ప్రకారం మెరుస్తోందా? డెల్ మిషన్లలో రెండుసార్లు పసుపు, మూడుసార్లు తెలుపు మెరిస్తే ర్యామ్ కనబడలేదని అర్థం. మిగతా కంపెనీలకు వాళ్ల లెక్కలు వాళ్లకుంటాయి.

---

ఫ్లెక్సీ_తెనాలి | 10 జనవరి, రాత్రి 11:26

వచ్చింది!!

ఐదు నిమిషాలు ఆగాను, రాలేదు. విప్పి టార్చి వేసి చూస్తే కొత్త స్టిక్ ఎడమవైపు క్లిప్పు దాకా దిగలేదు. కుడివైపు పిన్నులు సన్న గీతలా కనబడుతుంటే ఎడమవైపు గింజంత బయటికి ఉన్నాయి. నాకు ఒక్క టక్కే వినబడింది, రెండోది నేనే ఊహించుకున్నట్టున్నాను. తీసి మళ్లీ గట్టిగా తోసి ఒత్తాను. ఈసారి మా అమ్మాయికి కూడా వినబడింది.

16 చూపిస్తోంది. వాడుకోవడానికి 15.8 అంటోంది, మిగతాది ఏమైందో గాని.

---

గోదారిగట్టు | 10 జనవరి, రాత్రి 11:40

అభినందనలు మేడమ్. ఆ మిగతాది గ్రాఫిక్స్‌కి, బోర్డుకి పక్కన పెట్టింది, ఎక్కడికీ పోలేదు. సెకండ్ హ్యాండ్ కదా, బోర్డుల హడావిడి తగ్గిన రాత్రి ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 సాఫ్ట్‌వేర్ పెన్‌డ్రైవ్‌లో వేసి నడిపించి పడుకోండి. పొద్దున్నకి ఒక్క ఎర్ర గీత కనబడినా ఆ స్టిక్ గుంటూరు బస్సెక్కించేయండి. ఒక్క తప్పు కూడా క్షమించొద్దు. చెడ్డ ర్యామ్ వెంటనే ఆగిపోతే నయం, అలా కాకుండా సేవ్ చేసిన ఫైల్‌ని లోపల పాడుచేస్తుంది.

---

ఫ్లెక్సీ_తెనాలి | 12 జనవరి, ఉదయం 8:05

రాత్రంతా నడిచింది, తప్పులు సున్నా.

కాని ఇంకో అనుమానం. మా తమ్ముడు సీపీయూ-జెడ్ అనే సాఫ్ట్‌వేర్ వేసి చూశాడు. అందులో డ్రామ్ ఫ్రీక్వెన్సీ 1333 అని ఉంది! 2666లో సగం. నాకు సగం స్పీడు స్టిక్ అంటగట్టాడా గుంటూరాయన?

---

కడప_చిన్నోడు | 12 జనవరి, ఉదయం 8:20

పాపం ఆయన్ను తిట్టొద్దు అక్కా, ఈ అనుమానం రాని మనిషి లేడు. డీడీఆర్‌లో మొదటి రెండు డీలు డబుల్ డేటా. గడియారం ఒక్కసారి కొట్టుకుంటే డేటా రెండుసార్లు పోతాది, ఎక్కేటప్పుడొకటి, దిగేటప్పుడొకటి. 1333 ఇంటూ రెండు, 2666. అదే పేజీలో ఛానల్ దగ్గర "డ్యూయల్" అనో, "2 × 64-బిట్" అనో ఉండాదా?

---

ఫ్లెక్సీ_తెనాలి | 12 జనవరి, ఉదయం 8:31

డ్యూయల్ అనే ఉంది. హమ్మయ్య. ఆయనకి ఫోన్ చేసి అరవబోయాను.

---

పాలమూరు_బీటెక్ | 12 జనవరి, మధ్యాహ్నం 3:44

అన్నా, నడుమల దూరుతున్న, ఏమనుకోకుర్రి. నాది 11వ తరం, ఐ5 1135జీ7, 8 జీబీ ఒక్క స్టిక్. నా దోస్తుది కూడ అదే ప్రాసెసర్. వాని దాంట్ల గ్రాఫిక్స్ ఐరిస్ ఎక్స్‌ఈ అని చూపిస్తది, నా దాంట్ల వట్టి యూహెచ్‌డీ అని వస్తది. డ్రైవర్ మూడుసార్లు ఎక్కించిన. యాప్‌లు చేసే ఆండ్రాయిడ్ స్టూడియోల ఎమ్యులేటర్, అంటే స్క్రీన్ మీది ఉత్తుత్తి ఫోన్, తెరిస్తే ల్యాప్‌టాప్ చస్తున్నది.

---

ఓరుగల్లు_రిపేర్ | 12 జనవరి, సాయంత్రం 5:10

డ్రైవర్ తప్పు గాదురా తమ్మీ. ఆ ప్రాసెసర్‌కు రెండు ఛానళ్లు నిండితేనే ఐరిస్ ఎక్స్‌ఈ అని పేరొస్తది, ఒక్క స్టిక్ ఉంటే యూహెచ్‌డీ అనే ఉంటది. ఇంకో 8 వెయ్యి, పేరు దానంతట అదే మారుతది. స్టూడియోకు, ఎమ్యులేటర్‌కు కలిపి 16 ఉండాలెనని గూగుల్ వాళ్లే రాసిన్రు. రెండు పనులు ఒక్క స్టిక్ తోని అయిపోతయి.

---

డల్లాస్_దోసె | 13 జనవరి, ఉదయం 7:15

మా వాడి ఎం1 మ్యాక్‌బుక్, 8 జీబీ. దానికేమైనా దారి ఉందా?

---

పాతమిషన్ | 13 జనవరి, ఉదయం 7:40

లేదు సార్. 2020 నవంబరులో వచ్చిన ఎం1 నుంచి మెమరీ ప్రాసెసర్ ప్యాకేజీలోనే కూర్చుంటుంది. అంతకుముందే, మ్యాక్‌బుక్ ప్రోలలో 2012 రెటీనా మోడల్‌తోనే బోర్డుకి అతికించడం మొదలైంది. ఇంటెల్ కోర్ అల్ట్రా 200వి ల్యాప్‌టాప్‌లు కూడా అంతే, 16 గాని 32 గాని కొన్నరోజే తేల్చుకోవాలి. అలాంటివి కొనేటప్పుడు ఇప్పటికి ఎంత చాలుతుందని కాకుండా, ఐదేళ్ల తర్వాత ఎంత కావాలో అంత తీసుకోండి.

ఎల్‌పీక్యామ్2 అని కొత్త పద్ధతి వచ్చింది, పల్చటి మెమరీనే స్క్రూలతో బిగించి విప్పుకునేట్టు. లెనోవో 2024లో థింక్‌ప్యాడ్ పీ1లో పెట్టింది. నేనింకా చేత్తో పట్టుకుని చూడలేదు.

---

ఫ్లెక్సీ_తెనాలి | 4 ఫిబ్రవరి, రాత్రి 9:20

చాలా రోజులైంది, పండగ పనిలో ఇటు రాలేకపోయాను. మీరందరూ రాసినవన్నీ చేశాను. స్క్రాచ్ సిలోనే ఉంది, తలకాయలన్నీ రాస్టరైజ్ చేస్తున్నాను. 31 మంది ఫైల్ తెరిస్తే ఎఫిషియెన్సీ 100 దగ్గర నిలబడుతోంది, ఎప్పుడైనా 96 అవుతోంది. సేవ్ అయ్యేలోపు టీ తాగి రావడం కుదరదు, కప్పు కడగడం కూడా కుదరదు. 58 వేలు మిగిలాయి, అందులో 2,300 పోయాయి.

ఇప్పుడు శివరాత్రికి కోటప్పకొండ ప్రభ దగ్గర కట్టడానికంటూ అదే ఆయన మళ్లీ వచ్చాడు. 20×10 అడుగులట. ఈసారి శుభాకాంక్షలు చెప్పేవాళ్లు 52 మంది. 16 చాలుతుందంటారా, ఆ గుంటూరాయన దగ్గర 16 స్టిక్ ఉందేమో అడగమంటారా?

---

ఓరుగల్లు_రిపేర్ | 4 ఫిబ్రవరి, రాత్రి 9:34

అక్కా, 20×10 అంటే 10×6కు మూడింతల పైన. 100 డీపీఐ పెడితే ఒక్క నిండు లేయరే 1.15 జీబీ. దానికి మాత్రం 72 పెట్టు, అది ప్రభ మీదికెక్కినంక ముక్కు ఆనించి చూసెటోడు ఎవడూ ఉండడు.

---

ఫ్లెక్సీ_తెనాలి | 4 ఫిబ్రవరి, రాత్రి 9:41

ఆయన బావమరిది ఎక్కుతాడు.